విశాఖ వదలకుండా నాటకాలు, సీరియల్స్, సినిమాలు రాయాలంటే

నెలకి ఒకరిద్దరైనా అడుగుతారు. ఎక్కువగా నాటిక అయిపోయాక, నటులు మేకప్ తుడుచుకుంటూ ఉంటే పక్కకి పిలిచి, "సార్, నేనూ రాస్తాను, సినిమాల్లోకి ఎలా వెళ్లాలి?" అని. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదది, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నేనేం పెద్ద రచయితని కాదు. ఇరవై ఏళ్లకు పైగా నాటికలు రాస్తున్నాను, మూడు సీరియల్స్‌కి మాటలు రాశాను, అందులో ఒకదానికి పేరు పడలేదు. నాలుగు సినిమాలకి పనిచేస్తే రెండు విడుదలయ్యాయి. ఇల్లు మాత్రం వైజాగ్ దాటలేదు.

ముందు నాటిక రాయండి. సినిమా స్క్రిప్టు రాసి పట్టుకుని తిరిగితే చదివేవాడు దొరకడు, మొదటి పేజీ కూడా తిప్పరు. అదే ఒక నాటిక రాసి ఆడిస్తే కళాభారతిలోనో, గురజాడ కళాక్షేత్రంలోనో, ఏ ఊళ్లోనైనా నాటిక పోటీలు పెట్టే పరిషత్తులోనో రెండు మూడొందల మంది గంటసేపు కూర్చుని వింటారు, బాగోకపోతే లేచి టీ తాగడానికి వెళ్లిపోతారు, మీ రాత ఎక్కడ జారిందో ఆ కుర్చీల చప్పుడే చెబుతుంది. ఇంకోటి, నాటకం మీది. ఎవరు ఆడాలన్నా మిమ్మల్ని అడగాలి. సీరియల్‌కీ సినిమాకీ రాసింది డబ్బు తీసుకుని ఇచ్చేసేది, తర్వాత దాన్ని ఏం చేస్తారో మీ చేతిలో ఉండదు. నా మటుకు నేను ఈ తేడా తెలుసుకోవడానికి పదేళ్లు పట్టింది.

మన వైపు పెద్దవాళ్లంతా ఇలాగే వెళ్లారు. గణేశ్ పాత్రోది పార్వతీపురం, 'కొడుకు పుట్టాల' లాంటి నాటికలతో పేరు వచ్చాక సినిమావాళ్లు పిలిచారు. 1978లో 'మరో చరిత్ర' మన వైజాగ్, భీమిలి తీరంలోనే తీశారు, మాటలు ఆయనవే. గొల్లపూడి మారుతీరావు పెరిగింది ఇక్కడ, చదివింది ఆంధ్ర యూనివర్సిటీలో. నాటకాలు రాస్తూనే ఆంధ్రప్రభలో, తర్వాత ఆకాశవాణిలో ఉద్యోగాలు చేశారు. ఉద్యోగం అన్న మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

నాటిక రాసేటప్పుడు కొన్ని లెక్కలు ముందే వేసుకోవాలి. పోటీకి పంపే నాటిక దాదాపు గంట. టైము దాటితే ఎంత బాగా రాసినా నష్టమే, కాబట్టి ఇంట్లో గట్టిగా చదువుకుని గడియారం పెట్టుకోండి, నటుల విరామాలకీ నవ్వులకీ పది నిమిషాలు వదలండి. పాత్రలు ఐదారు దాటనివ్వకండి. ఇది కళ గురించి చెప్పే మాట కాదు, వ్యాను గురించి చెప్పే మాట. ఎనిమిది మందీ, సెట్టూ, మేకప్ మనిషీ, మ్యూజిక్ ఆపరేటరూ కలిసి ఒక పరిషత్తుకి వెళ్లి రావాలంటే నాటక సమాజం నడిపే ఆయన జేబుకి చిల్లు పడుతుంది, అప్పుడు ఆయన మీ స్క్రిప్టు బదులు నలుగురితో అయిపోయేది ఇంకోటి తీసుకుంటాడు. పైగా మన ఊళ్లో నటుల్లో చాలామంది పోర్టులో, షిప్‌యార్డులో, స్టీల్ ప్లాంటులో పనిచేసేవాళ్లు. హీరోకి సీ షిఫ్ట్, అంటే రాత్రి డ్యూటీ, పడిందంటే ఆ వారం రిహార్సల్ లేనట్టే. ఒక పాత్రని మిగతావాళ్లు లేకుండా విడిగా ప్రాక్టీస్ చేసుకునేలా రెండు మూడు సీన్లు ఉంటే దర్శకుడు మీకు దండం పెడతాడు.

రిహార్సల్‌కి వెళ్లండి, రోజూ వెళ్లండి, కానీ నోరు తెరవకండి. నటుడు మీ వాక్యం దగ్గర మూడోసారి కూడా తడబడితే తప్పు ఆయనది కాదు, వాక్యానిది. ఇంటికొచ్చి మార్చండి. శాస్త్రీయంగా నేర్చుకోవాలంటే ఆంధ్ర యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, కుదిరితే మంచిదే, కుదరకపోతే రిహార్సల్ గదే మీ కాలేజీ.

ఇక యాస. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే వైజాగ్ రచయిత దగ్గర ఉండి వేరేవాళ్ల దగ్గర లేనిది ఇదే. సినిమాల్లో ఉత్తరాంధ్ర యాస అంటే పనిమనిషికో, వాచ్‌మన్‌కో, నవ్వించే పాత్రకో పెడతారు, అదీ 'ఏటి', 'బావు' అని రెండు మాటలు అక్కడక్కడా జల్లి. మన వైపు మనిషి 'వచ్చేశాడు' అనడు, 'వచ్చీసినాడు' అంటాడు, 'చెప్పేశాను' అనడు, 'చెప్పీసినాను' అంటాడు. అది నవ్వించడానికి అనే మాట కాదు, బిడ్డ చనిపోయినప్పుడు కూడా ఆ మాటతోనే ఏడుస్తాడు. రావిశాస్త్రి వకీలుగా కోర్టులో విన్న మనుషుల మాటని అలాగే కాగితం మీద పెడితే లోకం ఒప్పుకుంది కదా. కాబట్టి పూర్ణా మార్కెట్‌కి వెళ్లండి, తెల్లారకముందు ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట వినండి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు పక్కన కూర్చోండి. జాలరిపేటలో మాట ఒకలా ఉంటుంది, పాడేరు వైపు నుంచి సంతకి వచ్చిన వాళ్లది ఇంకోలా, ఎంవీపీ కాలనీలో రిటైరైన మాస్టారిది మరోలా. అయితే యాసని మరీ చిక్కగా రాయకండి. గుంటూరు సమాజం మీ నాటిక ఆడాలనుకుంటే నటుడి నోరు తిరగాలి కదా. క్రియల్లో, సంబోధనల్లో యాస ఉంచి మిగతాది మామూలు తెలుగులో రాస్తే సరిపోతుంది.

నాకు మొదటి సినిమా పని ఇలాగే దొరికింది. ఇక్కడికి షూటింగ్‌కి వచ్చిన ఒక యూనిట్‌లో మా నాటికలో వేసే ఆయనకి కానిస్టేబుల్ వేషం ఇచ్చారు. ఇచ్చిన డైలాగ్ చూసి ఆయన, "మా వైపు ఇలా అనరండీ" అన్నాడట. మరి ఎలా అంటారని దర్శకుడు అడిగితే నా నంబర్ ఇచ్చాడు. భీమిలి రోడ్డులో హోటల్ గదిలో కూర్చుని నాలుగు సీన్లు సరిచేశాను. పేరు పడలేదు, భోజనం పెట్టి కవరు ఇచ్చారు. కానీ ఆ దర్శకుడి దగ్గర పనిచేసిన కో-డైరెక్టరే రెండేళ్ల తర్వాత తన సొంత సినిమాకి పిలిచాడు. వైజాగ్‌కి యూనిట్లు వస్తూనే ఉంటాయి, వాళ్లకి చిన్న వేషాలకి లోకల్ నటులు కావాలి, ఆ నటులు మీ నాటికలో వేసేవాళ్లే. మీరు హైదరాబాద్‌లో ఆఫీసుల చుట్టూ తిరిగే బదులు మీ నటులతో బాగుండండి.

రేడియో నాటకాన్ని తక్కువగా చూడకండి. ఇక్కడ ఆకాశవాణి కేంద్రం ఉంది. సెట్టు లేదు, ముఖం లేదు, మాట ఒక్కటే కాబట్టి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎక్కడున్నారో అంతా మాటలోనే తెలియాలి. ఆ అలవాటు తర్వాత సీరియల్‌లో అచ్చంగా పనికొస్తుంది.

సీరియల్ అంటే నాటకం వాళ్లకి చిన్నచూపు. నాకూ ఉండేది, మొదటి వారంలోనే పోయింది. డైలాగ్ రైటర్‌కి కథ చేతిలో ఉండదు. కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఇంకొకరిది, ఛానెల్ టీమ్ ఓకే అన్నాక సీన్ ఆర్డర్ మీ వాట్సాప్‌లో పడుతుంది. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. వారానికి ఐదారు ఎపిసోడ్లు. గురువారం రేటింగ్స్ వస్తాయి, అవి తగ్గాయంటే బుధవారం దాకా రాసినవన్నీ పక్కన పెట్టి చనిపోయిన మామగారిని బతికించమంటారు. ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్లని బ్యాంక్ అంటారు, అది ఉన్నంత కాలం హాయి. అయిపోయిందంటే అక్కడ సెట్లో లైట్లు పెట్టుకుని కూర్చుంటారు, ఇక్కడ మీరు ఫోన్‌లో సీన్ చెప్పాలి. సింహాచలం కొండ మీద మా బావమరిది తలంబ్రాలు పోస్తూ ఉంటే నేను మెట్ల మీద కూర్చుని ఇంకో పెళ్లి ఆగిపోయే సీన్ రాశాను. మా ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

సీరియల్ మాటకి దాని సూత్రాలు దానికున్నాయి. నటీనటుల్లో చాలామందికి తెలుగు రాదు, పక్కన అసిస్టెంట్ నిలబడి ప్రాంప్టింగ్ చెబుతాడు, తర్వాత వేరే వాళ్లు డబ్బింగ్ చెబుతారు. అందుకని వాక్యం చిన్నదిగా ఉండాలి. ఒక్క ఊపిరిలో ప్రాంప్ట్ చెప్పలేని వాక్యం రాస్తే సెట్లో అసిస్టెంటే కత్తిరించేస్తాడు, అది తప్పు చోట తెగుతుంది. డబ్బింగ్ దగ్గర మాట మార్చమంటే పెదవులు చూడండి: ప, బ, మ దగ్గర పెదాలు కలుస్తాయి, కొత్త మాటలో కూడా అక్కడ అలాంటి అక్షరమే పడాలి. ఇక అత్తయ్యా, వదినా అని మాటిమాటికీ ఎందుకు పిలుచుకుంటారో తెలుసా? చూసేవాళ్లు పోపు వేస్తూ, కుళాయి చప్పుడులో వింటున్నారు. తెర వైపు చూడకుండానే ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి. నాటకంలో ఒక్కసారి చెబితే చాలు అనుకున్న విషయం ఇక్కడ మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పాలి. మూడూ వేరుగా ఉండేలా రాయడంలోనే పనితనం.

ఇందులోకి వెళ్లాలంటే ఛానెల్‌కి మెయిల్ పెట్టి లాభం లేదు. నడుస్తున్న సీరియల్ ఒకటి రెండు వారాలు శ్రద్ధగా చూడండి, తర్వాత రాబోయే మూడు సీన్లు మీరే ఊహించి రాసి, దానికి మాటలు రాస్తున్న రచయితకి పంపండి. పేరు టైటిల్స్‌లోనే ఉంటుంది. ఆయన నిద్ర లేక చస్తుంటాడు, సాయం కావాలి. మొదట పేరు వేయకుండా, ఘోస్ట్‌గానే రాయిస్తారు. రాయండి, కానీ గడువు పెట్టుకోండి. మూడు నెలలు దాటితే 'రచనా సహకారం' అని పేరు వేయమని మర్యాదగా అడగండి. నేను ఏడాదిన్నర అడగలేదు. అడిగిన రోజు, "ముందే చెప్పాల్సింది కదండీ" అన్నారు.

సినిమా ఇంకో ప్రపంచం. ఇక్కడ చదవరు, వింటారు. కాబట్టి కథ చెప్పడం వచ్చి తీరాలి. ఇరవై నిమిషాలది ఒకటి, రెండు గంటలది ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. స్టేజీ అనుభవం ఉన్నవాళ్లకి ఇది సుఖం, కానీ అన్ని పాత్రలూ మీరే నటించేయకండి, వినేవాళ్లకి మీరే కనబడతారు, హీరో కనబడడు. ఇంటర్వెల్ ఏంటని తప్పకుండా అడుగుతారు, అది అడిగేలోపే చెప్పేయండి. ఒప్పుకున్నాక సిట్టింగ్స్, అంటే కథ మీద చర్చలు, మొదలవుతాయి. గదిలో పది మంది, ఎవరి మాట ఎవరిదో సాయంత్రానికి ఎవరికీ తెలియదు. రోజూ రాత్రి ఆ రోజు ఏం తేలిందో మీరే టైప్ చేసి అందరికీ మెయిల్ పెట్టండి. సాయం చేసినట్టూ ఉంటుంది, మీ మాట తారీఖుతో సహా నిలబడుతుంది. సీన్ పేపర్‌లో ఎడమ సగం యాక్షన్, కుడి సగం డైలాగ్ రాయడం మన దగ్గర పాత అలవాటు. అడిగి వాళ్లు ఎలా కావాలంటే అలా ఇవ్వండి. అను లాంటి పాత ఫాంట్‌లో కొట్టి పంపకండి, వాళ్ల ఫోన్లో అంతా పిచ్చి గీతలుగా కనబడుతుంది, యూనికోడ్‌లో టైప్ చేసి పీడీఎఫ్ పంపండి.

నాటికని సినిమా చేయాలంటే ఒక చిట్కా చెబుతాను. ఒకే గది సెట్టులో జరిగే నాటికలో అసలు సంగతులన్నీ బయట జరుగుతాయి. ఎవరో తలుపు తోసుకుని వచ్చి, "ఫ్యాక్టరీ మూసేశారు", "చెల్లి ఇంట్లో లేదు" అని చెబుతారు. మీ నాటిక తీసుకుని అలా వార్తగా వచ్చిన ప్రతి వాక్యం కింద గీత గీయండి. ఆ గీతలే మీ సినిమా సీన్లు. కెమెరా ఆ తలుపులోంచి బయటికి వెళ్లాలి. అప్పుడు గదిలోని మాటలు మూడొంతులు అక్కర్లేదని తెలుస్తుంది, గుండె చిక్కబట్టుకుని కొట్టేయండి. గొల్లపూడి 'కళ్లు' నాటకం చూపులేని బిచ్చగాళ్ల కథ, 1988లో ఎం.వి. రఘు సినిమాగా తీశారు. స్టేజీ మీద నటుడు కర్ర తట్టుకుంటూ నాలుగు అడుగులు వేస్తే ప్రేక్షకుడు గంటసేపు నమ్ముతాడు. కెమెరా దగ్గరికి వచ్చాక ఆ ముఖం, ఆ వీధి, ఆ ఎండ అన్నీ నమ్మించాలి. నాటకం దొరికితే చదివి, సినిమా చూసి, ఏది పోయిందో ఏది వచ్చిందో రాసుకోండి, ఏ కోర్సూ అంత నేర్పదు.

ఇప్పుడు దొంగతనం సంగతి, ఎందుకంటే కొత్తవాళ్ల టెన్షన్ అంతా దీని మీదే. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత 1953లో 'హమ్ హిందుస్తానీ' అని హిందీ నాటకం రాశారు, మరుసటి ఏడాది ఢిల్లీలో ఆడారు. ఒక సినిమా దర్శకుడు నాటకం గురించి తెలిసి ఆయన దగ్గర కథంతా విన్నారు. 1956లో అదే దర్శకుడి 'న్యూఢిల్లీ' సినిమా వచ్చింది. ప్రాంతాల పట్టింపు, పెళ్లి, ఇంచుమించు అదే విషయం. ఆనంద్ కోర్టుకి వెళ్తే చివరికి 1978లో సుప్రీంకోర్టు ఆయనకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆలోచన మీద, ఇతివృత్తం మీద కాపీరైట్ ఉండదు, దాన్ని మీరు చెప్పిన తీరు మీదే ఉంటుంది, ఈ రెండూ చెప్పిన తీరు వేరు అంది కోర్టు. మనకి దీని అర్థం ఏమిటంటే, కాఫీ షాపులో కథ లైన్ ఒక్కటే చెప్పి ఇంటికి రాకండి. సీన్లు, మాటలు, మలుపులతో పూర్తిగా రాసి పెట్టుకున్నాకే నోరు విప్పండి. కాపీరైట్ రాసిన క్షణం నుంచే మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ గొడవ వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. కాపీరైట్ ఆఫీసులో ఒక రచనకి ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. సభ్యత్వం ఉంటే రచయితల సంఘంలో కూడా స్క్రిప్టు రిజిస్టర్ చేయించుకోవచ్చు.

ఒప్పందం ఎప్పుడూ కాగితం మీదే. మన చట్టం ప్రకారం హక్కులు రాసివ్వడం రాతపూర్వకంగా ఉండి సంతకం చేస్తేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లు అని లెక్క, ఎక్కడికో రాయకపోతే ఇండియా వరకే. కాబట్టి అవతలివాళ్లు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని రాసి తెస్తారు, అది మామూలే, చదివి సంతకం పెట్టండి. నాటకాన్ని సినిమాకి ఇస్తున్నప్పుడు మాత్రం ఒక వాక్యం కచ్చితంగా పెట్టించండి: స్టేజీ హక్కులు రచయితవే అని. నేను ఒకసారి ఆ వాక్యం మర్చిపోయాను. ఆ సినిమా సగంలో ఆగిపోయింది, నా నాటిక నేను ఆడించుకోవడానికి నిర్మాత చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను.

డబ్బు. అడ్వాన్స్ అని 11,116 రూపాయలు పసుపు రాసిన కవర్లో పెట్టి ఇస్తారు, కళ్లకద్దుకోండి, దాన్ని జీతం అనుకోకండి. మొత్తాన్ని విడతలుగా మాట్లాడుకోండి: మొదట కొంత, డైలాగ్ వెర్షన్ ఇచ్చినప్పుడు కొంత, షూటింగ్ మొదలైనప్పుడు కొంత. ఆఖరి విడత రిలీజ్ తర్వాత అంటే ఒప్పుకోవద్దు, డబ్బింగ్ మొదలవ్వకముందే రావాలి, ఆ తర్వాత మీతో వాళ్లకి పని ఉండదు. ప్రొఫెషనల్ ఫీజు మీద సాధారణంగా 10 శాతం టీడీఎస్ అని పన్ను ముందే కోస్తారు, పాన్ నంబర్ ఇచ్చి, ఆ కోసింది మీ ఖాతాలో కట్టారో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో చూసుకోండి. కోసి కట్టని వాళ్లని చూశాను.

నాటికకి వచ్చేది తక్కువ. ఒక్కోసారి శాలువా, మెమెంటో. రచనకి బహుమతి వస్తే ఆ సీజన్లో ఇంకో నాలుగు సమాజాలు అడుగుతాయి. ప్రదర్శనకి ఇంత అని మొహమాటం లేకుండా చెప్పండి, ఇవ్వలేమంటే ఉత్తరం మీద అనుమతి రాసివ్వండి, ఊరికే నోటిమాట వద్దు. మధ్యలో ప్రభుత్వ శాఖల అవగాహన కార్యక్రమాలకి వీధి నాటికలు, షార్ట్ ఫిల్ములు, కంపెనీల వార్షికోత్సవాల స్కిట్లు వస్తాయి, సిగ్గుపడక్కర్లేదు. ఉద్యోగం మాత్రం మానకండి. రెండేళ్ల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండి, చేతిలో రాతపూర్వకంగా రెండు పనులు ఉన్న రోజు ఆలోచించండి. నేను ఒకసారి లాంగ్ లీవ్ పెట్టి హైదరాబాద్ వెళ్లిపోయాను. ఆ పది నెలల్లో సినిమా ఒక్కటీ రాలేదు, అంతకన్నా ఘోరం, నాటిక కూడా రాయలేదు, వినడానికి నాకు ఇక్కడి మాట లేదు అక్కడ.

ఇప్పుడు పని ఉన్నప్పుడే వెళ్తాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి నాంపల్లి, వందే భారత్ అయితే పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నానికి సికింద్రాబాద్. సంచిలో స్క్రిప్టు రెండు ప్రింట్లు, అచ్చయిన మీ నాటిక పుస్తకం ఒకటి పెట్టుకోండి. తిరుగు టికెట్ అదే రోజుకి తీయకండి. కథ చెప్పడానికి పదకొండింటికి రమ్మన్న నెరేషన్ రాత్రి ఏడుకి మొదలవుతుంది, ఈలోపు సాయంత్రం గోదావరి వెళ్లిపోతుంది. అలా మూడు టికెట్లు పోగొట్టుకున్నాక, హైదరాబాద్‌లో సినిమావాళ్లు ఉండే కృష్ణానగర్‌లో ఒక మెస్ పైన మంచం లెక్కన అద్దెకి ఇచ్చే గది చూసుకున్నాను. ఫ్యాన్ చప్పుడు చేస్తుంది, దోమలున్నాయి. ఈ ఏడాది పరిషత్తుకి ఇచ్చిన నాటికలో సగం, పిలుపు కోసం ఎదురుచూస్తూ ఆ మంచం మీదే రాశాను.